ఊరికే నడవడం

కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదడం ఎప్పుడు కష్టం, ఎప్పుడు సరదా? నీళ్లు మోసుకు రావడం, నేల మీద పడుకోవడం, రాళ్లదారిలో ఐదారు మైళ్లు నడవడం – ఒక తరం ఆడవాళ్లకి ఇదంతా బతుకు. అందులోంచి బయటపడటమే వాళ్లకి తెలిసిన అభివృద్ధి. ఆ తర్వాతి తరంలో కొందరం అవే పనుల్ని శని ఆదివారాల్లో డబ్బు కట్టి మరీ చేస్తున్నాం. క్యాంపింగ్ అంటున్నాం, హైకింగ్ అంటున్నాం. పొగ అదే, నడుంనొప్పీ అదే. మరి తేడా ఎక్కడ?

ఈ ప్రశ్న వేసింది మా అత్తయ్య. పోయిన సెప్టెంబరులో ఉత్తర కాలిఫోర్నియాలో, హంబోల్ట్ రెడ్‌వుడ్స్ స్టేట్ పార్కులో, టెంటు ముందు నేను మంట రాజెయ్యడానికి తిప్పలు పడుతుంటే మడతకుర్చీలో కూర్చుని చూస్తోంది. "ఏందమ్మాయ్ ఇది? దీంట్లోంచి బయటపడటానికి నాకు ముప్పై ఏళ్లు పట్టింది. నువ్వు డబ్బులిచ్చి దీంట్లోకి వచ్చావు" అంది. అందరం నవ్వాం. ఆవిడ నవ్వలేదు. వేళాకోళానికి అడగలేదని అప్పుడర్థమైంది.

అత్తయ్యకి అరవై ఏడు. మార్కాపురం దగ్గర పల్లెటూరు. పలకల గనుల దుమ్ము ఒకవైపు, నల్లమల అంచు ఒకవైపు. పెళ్లయి వచ్చిన మర్నాటి నుంచి తెల్లారకుండా లేచి మిగతా ఆడవాళ్లతో కలిసి కట్టెలకి వెళ్లేది. ఫారెస్టు గార్డు కనబడితే మోపు అక్కడే పారేసి పరుగు. దొరికితే కొడవలి లాక్కునేవాడు, నోటికొచ్చినట్టు తిట్టేవాడు, కొన్నిసార్లు తిట్టి ఊరుకునేవాడు కాదు. ఆ సంగతి అంతకంటే వివరంగా ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు, మేం అడగలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. మహిళా సంఘంలో ఉన్నందుకు ఆ తర్వాత మూడేళ్లకి వాళ్లింటికి గ్యాసు పొయ్యి చేరింది. దగ్గు మాత్రం ఉండిపోయింది. అలాంటి మనిషి ముందు కూర్చుని, సూపర్‌మార్కెట్‌లో కొన్న అగ్గిచెక్కలతో నేను 'ప్రకృతికి దగ్గరగా' బతకడం సాధన చేస్తున్నాను.

దీనికి మనం సాధారణంగా చెప్పుకునే జవాబు ఒకటుంది. ఎంపిక. నేను కోరి వచ్చాను, ఆవిడ కోరి వెళ్లలేదు. జవాబు తప్పు కాదు. సీత రెండుసార్లు అడవికి వెళ్లింది కదా. మొదటిసారి ఎవరూ రమ్మనలేదు, వద్దన్నారు కూడా. వాదించి వెళ్లింది. రెండోసారి తీసుకెళ్లి వదిలేశారు. అడవి మారలేదు, సీత మారలేదు. మొదటిది వనవాసం, రెండోది శిక్ష. ఉత్తరకాండలో నన్నెప్పుడూ వెంటాడే వివరం ఇంకొకటుంది. గర్భిణిగా ఉన్న సీతని కోరికేమిటని అడిగితే గంగ ఒడ్డున ఋషుల ఆశ్రమాలు చూసి ఒక రాత్రి అక్కడుండి రావాలని ఉందంటుంది. ఆమెని వదిలిపెట్టడానికి ఆ కోరికే సాకు అవుతుంది. నాలుగు రోజులు బయట తిరిగి రావాలనుకున్న ఆడదాని కోరికని ఆమెకే ఎదురు తిప్పడం ఎంత పాతదో చూడండి.

కానీ ఎంపిక అన్న మాటతో ఆగిపోతే అత్తయ్య ప్రశ్నకి సగమే జవాబు చెప్పినట్టు. ఆ ఎంపిక ఎక్కణ్నుంచి వచ్చింది? దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడింది?

ముందు మా ఇళ్ల సంగతే చూద్దాం. మేం అత్తయ్యతో కలిపి ఐదుగురం. మిగతా నలుగురం నలభైల్లో ఉన్నవాళ్లం, బే ఏరియాలో ఉద్యోగాలు. గతంలో పది కుటుంబాలు కలిసి వెళ్లేవాళ్లం. ఆ క్యాంపింగ్ గురించి ఎంత తక్కువ చెప్పుకుంటే అంత మంచిది. మగవాళ్లు మంట వేసేవారు, అది సాహసం. మేం అదే మంట మీద నలభైమందికి ఉప్మా చేసేవాళ్లం, అది మామూలు. ముందురోజు రాత్రి పులిహోర కలిపి, మారినేట్ చేసిన చికెన్ సంచుల్లో కట్టి, పిల్లలకి పెరుగన్నం విడిగా పెట్టుకుని వెళ్తే, వంటిల్లు నూటయాభై మైళ్లు జరిగినట్టుండేది, అంతే. మన కార్తీక వనభోజనాలూ ఇంతేగా. ఉసిరిచెట్టు నీడ అందరికీ, గాడిపొయ్యి సెగ కొందరికి. ఆ వనభోజనాలు కూడా ఇప్పుడు ఏ కులానికా కులం పెట్టుకునేవి అయిపోయాయి, అమెరికాలో కూడా.

అందుకని ఈసారి ఆడవాళ్లమే వెళ్దామనుకున్నాం. రెండు రాత్రులు. ఆ రెండు రాత్రుల కోసం ముగ్గురం మూడు రోజులు వండాం. ఫ్రిజ్‌లో డబ్బాలు, డబ్బాల మీద చీటీలు, 'శనివారం మధ్యాహ్నం', 'చిన్నవాడికి కారం లేకుండా'. నాలుగో ఆవిడ ఏమీ వండలేదు. "వాళ్లు పిజ్జా తింటారు, చావరు" అంది. మేం ముగ్గురం ఆవిడని మెచ్చుకుంటూనే లోలోపల కొంచెం తప్పుపట్టాం. పితృస్వామ్యం గురించి వ్యాసాలు రాసేవాళ్లమే అందరం.

నేను 2006లో డిపెండెంట్ వీసా మీద వచ్చాను. అప్పట్లో ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు. 2015లో కొందరికి అనుమతి వచ్చేదాకా నాలాంటి వాళ్లు వేలమంది ఇళ్లలో ఉన్నారు. పీజీలు చేసి, పాఠాలు చెప్పి, లోకం చూసి వచ్చినవాళ్లు. "నీకేం, హాయిగా ఊరికే ఇంట్లో ఉంటావు" అని ఊరినుంచి ఫోన్లు. ఇంటి వెనకే కొండ, కొండ మీద నడవడానికి దారి. ఆ ఏళ్లలో ఒక్కసారి కూడా ఆ కొండ ఎక్కాలనిపించలేదు. బలవంతంగా ఇచ్చిన తీరిక తీరిక కాదు. ఉద్యోగం వచ్చాక, వారానికి యాభై గంటలు పనిచేస్తూ, అప్పుడు ఎక్కాను. అంటే కష్టానికి ఏ సూత్రమో సుఖానికీ అదే సూత్రం. దింపుకోగలిగిన బరువు ఆట అవుతుంది. దింపుకోలేనిది, దూదిదైనా సరే, బరువే. అత్తయ్యకి కట్టెలమోపు ఎలాంటిదో నాకు ఆ ఖాళీ మధ్యాహ్నాలు అలాంటివని అనను. ఆకలికీ విసుగుకీ పోలిక పెట్టడం అన్యాయం. కానీ రెండూ ఒకరు మన నెత్తిన పెట్టినవే.

శనివారం పొద్దున ఒక చిన్న సంఘటన జరిగింది. అత్తయ్య అలవాటుగా చెట్ల కింద పడి ఉన్న ఎండుపుల్లలు ఏరి ఒడిలో వేసుకుంది. పార్కు మనిషి, పెద్దావిడే, నవ్వుతూ వచ్చి ఇక్కడ పుల్లలు ఏరకూడదని చెప్పింది. కాలిఫోర్నియా స్టేట్ పార్కుల్లో నేలరాలిన కట్టె కూడా ఏరడానికి వీల్లేదు, మంటకి కట్టెలు కొనుక్కోవాలి. కుళ్లే కట్టెలోనే అడవికి ఎరువుంది, పురుగుకి ఇల్లుంది, కాబట్టి నియమం సరైనదే. నేను తెలుగులో చెప్పాను. అత్తయ్య ఒడిలోవి కిందికి విదిల్చి, "ఇక్కడ కూడా గార్డేనా" అంది. కాసేపాగి, "ఈమె తిట్టలా" అని చేర్చింది.

అడవిని కాపాడటం అంటే పేదల్ని అడవిలోకి రానివ్వకపోవడం అనే అర్థం ఎలా వచ్చింది? ఈ రెడ్‌వుడ్ అడవిలో నిలబడితే ఆ కథ కొంత తెలుస్తుంది. ఇవి లోకంలో అన్నిటికన్నా ఎత్తు పెరిగే చెట్లు, మూడు వందల అడుగులు దాటినవి చాలా ఉన్నాయి. వేళ్లు మాత్రం పది పన్నెండు అడుగుల లోతుకి మించి పోవు. పక్కలకి వంద అడుగుల దాకా పాకి, పొరుగు చెట్ల వేళ్లతో పెనవేసుకుని నిలబడతాయి. (ఈ మాట వినగానే స్త్రీల ఐక్యతకి ప్రతీక అనబోయింది మాలో ఒకావిడ. మిగతావాళ్లం ఆపాం.) ఈ చెట్లని నరికి ద్రాక్షతోటల్లో ఊతకర్రలకి, రైలుపట్టాల కింద దిమ్మలకి వాడేవాళ్లు. ఆపడానికి ముందుకొచ్చిన వాళ్లలో స్త్రీలు ఎక్కువ. హంబోల్ట్ జిల్లా స్త్రీలు 1919లో రెడ్‌వుడ్లని కాపాడటానికి తమ సంఘం పెట్టుకున్నారు. దాని అధ్యక్షురాలు లారా మహన్, భర్తతో కలిసి వెళ్తూ 1924లో డయర్‌విల్ దగ్గర కంపెనీ చెట్లు కొట్టేస్తోందని కనిపెట్టి, పత్రికలకి చెప్పి, జనాన్ని కదిలించింది. ఆ భూమి 1931కి పార్కులో కలిసింది. రాష్ట్రంలోని మహిళా క్లబ్బులన్నీ డబ్బు పోగుచేసి ఒక తోపునే కొన్నాయి. ఆ తోపులో జూలియా మోర్గాన్ కట్టిన రాతిపొయ్యి ఉంది, ఒకే కట్టడంలో నాలుగు దిక్కులకీ నాలుగు నిప్పుగూళ్లు. కాలిఫోర్నియాలో ఆర్కిటెక్టుగా లైసెన్సు పొందిన మొదటి స్త్రీ ఆమె, 1904లో. నిత్యం వండిపెట్టే పని లేని పొయ్యి కట్టుకున్నారు ఆ ఆడవాళ్లు. అత్తయ్యకి అది నచ్చింది. చుట్టూ తిరిగి, రాళ్లు తట్టి, "పొగ కళ్లల్లోకి రాకుండా బాగా కట్టారు" అంది.

ఇంతవరకూ గర్వపడదగ్గ చరిత్రే. ఇంకో వైపు కూడా చూడాలి. ఈ అడవి మొదటినుంచీ ఖాళీగా లేదు, ఖాళీ చేశారు. ఇక్కడ సింకియోన్ ప్రజలు ఉండేవాళ్లు. కాలిఫోర్నియా రాష్ట్రం అవుతూనే 1850లో ఆదివాసుల 'పాలన, రక్షణ' పేరుతో చట్టం చేసింది. దాని ప్రకారం ఆదివాసీ పిల్లల్ని తెల్లవాళ్లు పనికి పెట్టుకోవచ్చు. పని చెయ్యగలిగి ఉండీ ఊరికే తిరుగుతున్న ఆదివాసిని పట్టుకుని, ఎక్కువ పాట పాడినవాడికి నాలుగు నెలల దాకా పనికి అప్పగించవచ్చు. ఊరికే తిరగడం నేరం! ఇప్పుడు అదే నేల మీద ఊరికే తిరగడానికి మేం రాత్రికి ముప్పై ఐదు డాలర్లు కట్టాం. ఇక్కడికి దక్షిణాన, సముద్రం ఒడ్డున, సాలీ బెల్ అనే సింకియోన్ స్త్రీ పేరుతో ఒక తోపు ఉంది. చిన్నపిల్లగా ఉన్నప్పుడు తనవాళ్లని కళ్లముందే చంపేస్తే ఆమె అడవిలో దాక్కుని బతికింది. ఆమెకి అడవి విహారమూ కాదు, కట్టెల చోటూ కాదు.

1918లో రెడ్‌వుడ్ల రక్షణకి సంస్థ పెట్టిన ముగ్గురిలో మాడిసన్ గ్రాంట్ ఒకడు. 1916లో తెల్లజాతి తరిగిపోతోందని భయపెడుతూ పుస్తకం రాసినవాడు, ఆసియావాళ్లని రానివ్వని 1924 వలసచట్టానికి ఊపిరి పోసినవాళ్లలో ఒకడు. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కారు, పౌరులు కాలేరు అని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ లెక్కన ఈ చెట్లని కాపాడిన వాళ్లలో కొందరి ఊహలో, ఈ చెట్ల కింద అత్తయ్యా నేనూ లేము. ఇంకో పార్కులో గ్రాంట్ పేరున ఉన్న స్మారకశిలని 2021లో తీసేశారు. 2022లో అదే రక్షణ సంస్థ 523 ఎకరాల రెడ్‌వుడ్ అడవిని సింకియోన్ తెగల మండలికి తిరిగి ఇచ్చింది. చేపలు పరుగెత్తే చోటు అని అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. చిన్న ముక్కే. అయినా ఇవ్వడం సాధ్యమేనని తెలిసింది.

ఇదంతా చెప్పి, కాబట్టి మేం అక్కడికి వెళ్లకూడదని అనడానికి నాకు మనసొప్పదు. అలాంటి పాపభీతి వల్ల సింకియోన్లకి గానీ, నల్లమలలో హక్కుపత్రాల కోసం 2006 చట్టం పట్టుకుని ఇప్పటికీ తిరుగుతున్న చెంచులకి గానీ ఒరిగేదేమీ లేదు. విశ్రాంతి అందరి హక్కు అని మేడే సభల్లో చెప్పుకుంటాం. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆ విశ్రాంతికి కారణం చూపించమంటాం. ఆరోగ్యం కోసం నడుస్తుంది, పిల్లల కోసం పార్కుకి వెళ్తుంది, దేవుడి కోసం కొండ ఎక్కుతుంది. తెలుగులో 'ఊరికే' అన్న మాట ఎంత బాగుంటుందో, ఆడదాని విషయంలో వాడేసరికి అంత నింద అవుతుంది. ఊరికే కూర్చుంది. ఊరికే తిరుగుతోంది. ఊరికే నవ్వుతోంది. మగవాడు అరుగు మీద ఊరికే కూర్చుంటే అది అరుగుకి అందం!

ఆదివారం పొద్దున ఫౌండర్స్ గ్రోవ్‌కి వెళ్లాం. 360 అడుగులకి పైగా పెరిగి 1991లో కూలిపోయిన డయర్‌విల్ జయంట్ అనే చెట్టు అక్కడ పడి ఉంది. పడుకున్నా మనిషికంటే ఎత్తు. దాని పక్కన కూర్చుని అత్తయ్య, "మీరు తిరిగి రండి. నేనిక్కడే ఉంటా" అంది. దారి అరమైలే, కానీ అడవి. ఒక్కదాన్నే వదలడమా? మాలో మాకు వాదన. భాష రాదు, ఫోను పనిచెయ్యదు, ఎలుగుబంట్లున్నాయి. ఎలుగుబంటి అనగానే మాలో ఒకావిడకి 2024లో అందరి నోళ్లలో నానిన ప్రశ్న గుర్తొచ్చింది, అడవిలో ఒంటరిగా ఉంటే ఎదురుపడేది మగవాడైతే మేలా, ఎలుగుబంటి అయితే మేలా అని. చాలామంది ఆడవాళ్లు ఎలుగుబంటి అన్నారు. నేనూ అప్పుడు అదే అన్నాను. అత్తయ్యకి చెప్తే విసుక్కుంది. "ఎలుగు పట్టిన మొహాన్ని మీరెవరన్నా చూశారా? మా ఊళ్లో నేను చూశా. ఆ గార్డునీ చూశా. రెండిట్లో ఏది కావాలో ఎంచుకోమనడం ఏం ఆట?"

ఆ మాట మీద నేను చాలా ఆలోచించాను. ఎంపిక, ఎంపిక అని మనం అనేదాంట్లో ఎంతభాగం ఇలాంటిదే! రెండు భయాల్ని పక్కపక్కన పెట్టి ఒకటి తీసుకోమంటే దాన్ని ఎంచుకునే హక్కు అనుకుంటాం. రెండూ వద్దనే హక్కు ఎవరూ ఇవ్వరు. అత్తయ్య కోరింది అదే, ఇంతకీ. కష్టాన్ని ఆటగా చేసుకునే నా సరదా ఆవిడకి అక్కర్లేదు. టెంటు వెయ్యలేదు, మంట ముట్టుకోలేదు, వంటకి చెయ్యి పెట్టలేదు. నా సూత్రం ప్రకారం దింపుకోగలిగిన బరువు ఆట. ఆవిడ సూత్రంలో అసలు బరువు లేదు. ఇద్దరిలో ఎవరిది నిజమైన విశ్రాంతి అని నేను తేల్చలేను. కానీ నా ఆటకి, ఎత్తుకోవడం తప్పదన్న అలవాటు ఇంకా అంటుకుని ఉందేమోనని అనుమానం. తీరిక దొరికినా అందులో శ్రమ పెట్టుకుంటే తప్ప దానికి అర్హత వచ్చినట్టు అనిపించదు నాకు. ఎన్ని మైళ్లు నడిచానో ఫోను లెక్కపెడుతుంది. ఆవిడకి లెక్క లేదు.

వదిలి వెళ్లాం. ఇరవై నిమిషాల దారిని దాదాపు గంట చేశాం, కావాలనే. తిరిగొచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. ఏం చేశారత్తయ్యా అని అడిగాం. "ఏం చెయ్యలా. ఇంతసేపు నన్నెవురూ పిలవలా" అంది.

తిరుగుప్రయాణంలో శ్రీశైలం నడక గురించి చెప్పింది. ముప్పై ఏళ్ల కిందట మా ఆయనకి పచ్చకామెర్లు వచ్చి తగ్గితే మొక్కుకుందట. ఆత్మకూరులో ఉన్న ఆడపడుచు ఇంటికి వెళ్లి, శివరాత్రి జనంతో కలిసి నాగలూటి, పెచ్చెరువు మీదుగా భీముని కొలను దిగి, ఎక్కి, కైలాసద్వారం దాకా నడిచింది. పెచ్చెరువు చెంచుగూడెంలో రాత్రి పడుకున్నారు. అదే నల్లమల. కట్టెల కోసం దొంగలా వెళ్లిన అడవిలోకి మొక్కు పేరుతో దొరలా వెళ్లానంది. గార్డులు మంచినీళ్లు ఇచ్చారట. "దేవుడి దర్శనం నిమిషం కూడా కాలా. నడిచింది గుర్తుంది." ఇంట్లో మాత్రం దర్శనం బాగా అయిందని చెప్పిందట. ముప్పై ఏళ్లుగా ఆ నడక మళ్లీ నడవాలని ఉన్నా, ఇంట్లో ఎవరికీ పెద్ద జబ్బు చెయ్యలేదు, మొక్కడానికి.

డిసెంబరులో ఆవిడ వెళ్లిపోతుంది. వచ్చే శివరాత్రికి నడుస్తానంటోంది. మా ఆయన కంగారుపడ్డాడు. "ఏమైందమ్మా, ఏం మొక్కుకున్నావు?" అని రెండుసార్లు అడిగాడు. ఏమీ లేదు, ఊరికే, అంది. మోకాళ్లకి మెట్లు పనికిరావని డాక్టరు చెప్పిన మాట ఆయన గుర్తు చేశాడు. భీముని కొలను దగ్గర మెట్లు ఎన్నో ఇద్దరికీ తెలీదు, దాని మీద కాసేపు వాదించుకున్నారు. నిన్న రాత్రి ఆవిడ ఆత్మకూరుకి ఫోన్ చేసింది. పెచ్చెరువు దాకా ట్రాక్టరేమైనా వెళ్తుందేమో కనుక్కోమంది. అక్కణ్నుంచి నడుస్తుందట.